టీవీ చర్చకు పిలిచారు, పార్టీ నుంచీ పిలుపొచ్చింది: అనుభవం ఉన్న మాజీ సైనికులు చెప్పండి

సిగ్నల్స్_24ఏళ్లు:
జై హింద్. ఆర్మీ సమాచార విభాగం సిగ్నల్స్‌లో 24 ఏళ్లు చేసి హవల్దార్‌గా ఇంటికొచ్చాను. మూడేళ్లుగా మా జిల్లా మాజీ సైనికుల సంఘంలో తిరుగుతున్నా. సైనికుల పింఛన్ల ఆన్‌లైన్ పోర్టల్ స్పర్శ్‌లో పేరో పుట్టిన తేదీయో తప్పుపడి ఫ్యామిలీ పెన్షన్ ఆగిపోయినవాళ్ల కాగితాలు సరిచేయించడమే ఎక్కువ పని. మొన్న ఒక న్యూస్ ఛానల్ వాళ్లు ఫోన్ చేసి నాలుగేళ్లకే సైన్యంలోకి తీసుకునే అగ్నిపథ్ పథకం మీద రాత్రి చర్చకు రమ్మన్నారు. అదే వారంలో ఒక పార్టీ తమ మాజీ సైనికుల విభాగంలో పదవి ఇస్తామంది. రెండూ ఒప్పుకోవచ్చా? ఈ దారిలో ముందు నడిచినవాళ్లు చెప్పండి.

పాత_గన్నర్:
తమ్ముడూ, టీవీకి వెళ్లు. తయారై వెళ్లు. 'ఒకే ర్యాంకు, ఒకే పింఛను' (ఓఆర్‌ఓపీ) కోసం 2015 జూన్‌లో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర రిలే దీక్షలు మొదలయ్యాయి. ఆగస్టులో నేనూ వెళ్లి తొమ్మిది రోజులు కూర్చున్నా. మైకులన్నీ పెద్ద ర్యాంకుల వైపే వెళ్లేవి. ఒకసారి నా ముందుకూ వచ్చింది. త్యాగం, దేశం అంటూ మొదలుపెట్టా, పది సెకన్లలో మైకు పక్కకు జరిగింది. మర్నాడు మళ్లీ దొరికితే ఒకటే చెప్పా: 'సిపాయి 35, 40 ఏళ్లకే దిగిపోతాడు. సివిల్ ఉద్యోగికి 60 దాకా జీతం వస్తుంది. ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు ఉన్న ఇద్దరికి రిటైరైన ఏడాదిని బట్టి పింఛను మారిపోతోంది.' ఆ రిపోర్టర్ అక్కడే కూర్చుని రాసుకున్నాడు.

తేదీలు నోటికి రావాలి. 2015 సెప్టెంబర్ 5న ప్రకటన, నవంబర్ 7న ఉత్తర్వు. పింఛను ఏటా సరిచేయమని మనం అడిగాం, ఐదేళ్లకోసారి చేస్తామన్నారు. 2022 మార్చి 16న సుప్రీంకోర్టు పథకాన్ని తప్పుపట్టలేదు కానీ 2019 జూలై 1 నుంచి పింఛను మళ్లీ లెక్కకట్టాలని చెప్పింది. ఎదుటివాడు ఎంత గొంతు పెంచినా తేదీ చెప్పినవాడిని కొట్టిపారేయలేడు.

ఇన్‌ఫాంట్రీ_కల్నల్:
2019 బాలాకోట్ దాడుల తర్వాత నుంచి స్టూడియోలకు వెళ్తున్నాను. హవల్దార్ సాబ్, మీరు తప్పక వెళ్లండి. మా ఆఫీసర్లనే పిలుస్తారు, బ్యారక్‌లో బతికినవాడు ప్యానెల్‌లో కనపడడు. ఆ లోటు నేను ప్రతి చర్చలో చూస్తున్నాను.

పేరు పక్కన 'రిటైర్డ్' అని వేయించండి, ఫోన్‌లోనే చెప్పేయండి. నాకు ఒకసారి వేయలేదు. చూసినవాళ్లు సర్వీసులో ఉన్న ఆఫీసర్ ప్రభుత్వాన్ని విమర్శిస్తున్నాడనుకున్నారు, నా పాత యూనిట్‌కు ఫోన్లు వెళ్లాయి. సర్వీసులో ఉండగా రాజకీయాలూ ప్రెస్సూ ఆర్మీ రూల్స్ 20, 21 కింద నిషిద్ధం. రిటైరయ్యాక అవి వర్తించవు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం మాత్రం చచ్చేదాకా మనతోనే ఉంటుంది.

యాంకర్ 'ఆర్మీ ఏమనుకుంటోంది?' అని అడుగుతాడు. 'అది నేను చెప్పకూడదు, నేననుకునేది చెబుతా' అనండి. 2025 మే, ఆపరేషన్ సిందూర్ రోజుల్లో ఏ బలగం ఎటు కదలవచ్చో మ్యాప్ మీద చూపించమన్నారు. చూపించలేదు. రక్షణ కదలికలను లైవ్‌లో చూపొద్దని అంతకు ముందే, ఏప్రిల్ 26న, సమాచార ప్రసార శాఖ ఛానళ్లకు సూచన ఇచ్చింది. సూచన లేకపోయినా చూపించేవాణ్ని కాదు. అక్కడ మన పిల్లలున్నారు. ఆ ఛానల్ తర్వాత నన్ను పిలవలేదు.

ఎయిర్‌ఫోర్స్_సార్జెంట్:
పార్టీ సంగతి నేను చెబుతా. ఫౌజు నుంచి రాజకీయాల్లోకి వెళ్లడం తప్పు కాదు. మన ఉత్తమ్ కుమార్ రెడ్డి గారు మిగ్ విమానాలు నడిపినవారు. ఆర్మీ చీఫ్‌గా చేసిన వీకే సింగ్ 2014లో ఎంపీ అయ్యారు. నేనూ ఒక పార్టీ కండువా కప్పుకున్నా. ఆ తర్వాత మా మండలంలో ఒక సహచరుడి భార్య ఏడు నెలలు పింఛను రాకుండా ఉండిపోయింది. నా దగ్గరకు రాలేదు. వాళ్ల ఇంట్లో వేరే పార్టీ. 'నీ దగ్గరకొస్తే ఓటు అడుగుతావేమో అనుకున్నా అన్నా' అంది. ఆ ఏడు నెలలు ఆమె పాల డబ్బుతో ఇల్లు నడిపింది. నేను రాజీనామా చేశా. కండువా కావాలంటే సంఘం పదవి వేరేవాళ్లకు అప్పగించి వేసుకో. రెండూ ఒక మెడలో వద్దు.

ఫౌజీ_భార్య:
అన్నగారూ, నేను ఫ్యామిలీ పెన్షనర్‌ని. 2019 ఫిబ్రవరిలో మావారు సరిహద్దు దగ్గర ఫార్వర్డ్ ఏరియాలో ఉన్నారు, మూడు రోజులు ఫోన్ లేదు. టీవీలో ఒక పెద్దాయన 'యుద్ధం జరగాల్సిందే, ప్రాణాలు లెక్కచేయం' అని బల్ల గుద్దారు. మా పాప విని 'నాన్న ప్రాణమా?' అని అడిగింది. ఆయన ఆ గండం గడిచి వచ్చి, తర్వాత జబ్బుతో పోయారు. మీరు మాట్లాడేటప్పుడు మాలాంటి ఇళ్లలోనూ ఆ టీవీ మోగుతుందని గుర్తుపెట్టుకోండి.

సిగ్నల్స్_24ఏళ్లు:
అక్కా, మీ మాట రాసిపెట్టుకున్నా. పార్టీ వాళ్లకు సంఘంలో ఉన్నన్నాళ్లూ కుదరదని చెప్పేశా. ఛానల్ వాళ్లు 'రిటైర్డ్' వేయడానికి ఒప్పుకున్నారు.

అగ్నిపథ్‌పై నా దగ్గరున్నవి: 2022 జూన్ 14న ప్రకటన, నాలుగేళ్ల సర్వీసు, 25 శాతం వరకే కొనసాగింపు, మిగతావాళ్లకు దిగిపోయేటప్పుడు ఒకేసారి సుమారు 11.71 లక్షల రూపాయలు (సేవానిధి), పింఛను లేదు. ఆర్మీలో తొలి బ్యాచ్ శిక్షణ 2023 జనవరిలో మొదలైంది. మా పక్క ఊళ్లో ఇద్దరు అగ్నివీరులున్నారు. చర్చ ఎల్లుండి. రేపు పొద్దున్నే వెళ్లి వాళ్ల అమ్మానాన్నలతో కూర్చుంటా.

పాత_గన్నర్:
వెళ్లు తమ్ముడూ. ఏ ఛానలో, ఎన్ని గంటలకో ఇక్కడ పెట్టు.