భయపడవలసింది హత్యలకా, రోగాలకా?

చిత్తూరు సభ్యుడు:
మా నాయన రోజూ పొద్దున్నే జిల్లా పేజీలో హత్యల వార్తలే ముందు చదివేవారు. రాత్రి తలుపు గడియ పెట్టి పడుకున్నాక కూడా మళ్లీ లేచి వచ్చి ఒకసారి లాగి చూసుకునేవారు. ఆ తలుపు పక్క కిటికీలోనే రక్తపోటు మాత్రల అట్ట దుమ్ము పట్టి ఉండేది. ఒకనాడు తెల్లవారుజామున మాట తడబడి, కాఫీ లోటా చేతిలోంచి జారిపోతే, "రవ్వంతసేపు పడుకుంటే సరిపోతుందిలే" అన్నారు, మేమూ సరేనన్నాము. పక్షవాతం వచ్చినప్పుడు మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందును సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలని తిరుపతి ఆసుపత్రికి చేరాకే మాకు తెలిసింది. నాయన దక్కలేదు. 2022లో దేశంలో నమోదైన హత్యలు 28,522. అదే ఏడాది క్షయ ఒక్కటే మూడు లక్షల మందికి పైగా ప్రాణాలు తీసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన భయం కాపలా కాయవలసిన చోట కాయడం లేదని నా వాదన.

తిరుపతి న్యాయవాది:
మీ నాయనగారి సంగతి చదివి మనసు కలత చెందింది, అయినా మీ లెక్కను ఒప్పుకోలేను. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత చంపినప్పుడు, లక్షల మంది నడిచే దారిలో ఒక్క మరణమే కదా అని ఎవరైనా అంటే సహించేవాళ్లమా? ఆ భయం వల్లనే మధ్యాహ్నం రెండు దాటాక పిల్లలను మెట్లదారిలో పంపకుండా ఆపారు, భక్తుల చేతికి కర్రలిచ్చారు. నిండు నూరేళ్లు బతకవలసినవారిని మరొకరు బలితీసుకోవడం అన్యాయం; అన్యాయానికి కలిగే భయాన్ని సంఖ్యలతో తూచకూడదు.

చిత్తూరు సభ్యుడు:
వయసు సంగతి నా లెక్కలో లేదన్నది నిజమే, ఒప్పుకుంటున్నాను. కానీ చిరుతకు భయపడినవారు వెంటనే ఏదో ఒకటి చేశారు. రోగం విషయంలో ఆ కదలికే కనబడదు. సారా లిక్టెన్‌స్టైన్, పాల్ స్లోవిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తల బృందం అమెరికాలో జరిపి 1978లో ప్రచురించిన అధ్యయనంలోనూ, జనం హత్యలను ఉన్నదానికన్నా ఎక్కువగా, మధుమేహం, పక్షవాతం వంటివాటిని తక్కువగా అంచనా వేశారు. హత్య జరిగిన ఇంటికి వెళ్లినవారు ఎవరు చంపారు, ఎందుకు చంపారు అని తరచి తరచి అడుగుతారు. మా ఇంటికి పరామర్శకు వచ్చినవారిలో "రాసిపెట్టి ఉంది" అన్నవారే గానీ, మాత్రలు సరిగ్గా వేసుకునేవారా అని అడిగినవారు ఒక్కరూ లేరు.