“ఇచ్చోట మునుపు పరిశుద్ధులు…” నివసించిరా, అధివసించిరా?

రేపల్లె పాఠకుడు:
ఒక వాక్యం రెండు రోజులుగా బుర్రలో తిరుగుతోంది. రోమ్‌లో అప్పియా దారి మూడో మైలు దగ్గర సెబాస్టియన్ గుడిలో, పేతురు పౌలుల మీద పోపు దమసు పెట్టించిన శాసనం ఉంది కదా, “హిక్ హబితాస్సె ప్రియుస్ సాంక్తోస్” అని మొదలవుతుంది. దాన్ని మా తాతగారు తెలుగు చేసుకున్నారు. నోటు పుస్తకం వానకు తడిసింది. మిగిలింది “ఇచ్చోట మునుపు పరిశుద్ధు… వసించిరని యెరుగుము”. వసించిరికి ముందున్న అక్షరం మీద గుడి మాత్రం కనబడుతోంది, కింద అంతా సిరా మరక. అది “ని”యా, “ధి”యా?

తెనాలి మాస్టారు:
“ని”యే బాబూ. యోహాను 1:14 చూడండి. మనం “మనమధ్య నివసించెను” అని చదువుకునే చోట లాటిన్‌లో ఉన్నదీ ఇదే క్రియ, “హబితావిత్”. ఆ సువార్తల లాటిన్ పాఠాన్ని జెరోము సరిచేసింది కూడా ఈ దమసు అడిగితేనే. బైబిలు వచ్చిన ఇంట్లో పెద్దాయన వేరే మాట ఎందుకు వెతుక్కుంటారు?

ధాన్యకటకం:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే ఒప్పుకోలేకపోతున్నాను. “నివసించిరి” అంటే అపొస్తలులు అక్కడ ఇల్లు కట్టుకుని ఉన్నారనే అర్థం వస్తుంది. అలా చదివిన పండితులూ ఉన్నారు, కాదనను. కానీ 354 నాటి రోమన్ పంచాంగంలో జూన్ 29 కింద ఏముంది? పేతురు “కాటకుంబస్”లో, అంటే ఈ సెబాస్టియన్ గుడి ఉన్న చోటే, పౌలు ఓస్తియా దారిలో, టస్కస్, బాసస్ కాన్సుల్స్‌గా ఉన్న ఏడాది. అంటే 258, చక్రవర్తి వలేరియన్ క్రైస్తవులను హింసిస్తున్న రోజులు. అస్థికలను కొన్నాళ్ళు ఇక్కడ దాచారనే వాదం దాన్నుంచే పుట్టింది. “ప్రియుస్” అంటే మునుపు, అంటే ఇప్పుడు లేరు. విగ్రహాన్ని ప్రతిష్ఠకు ముందు నీళ్ళలో, ధాన్యంలో ఉంచడాన్ని మనం ఏమంటాం? జలాధివాసం, ధాన్యాధివాసం. అసలు చోటికి చేరేముందు కొన్నాళ్ళ ఉనికి. తాతగారు తెలిసే “అధివసించిరి” అన్నారు.

వ్యాకరణం శెట్టి:
ఆలోచన బాగుంది గానీ మాట అందుకు ఒప్పుకోదు. అధి చేరిన వస్ ధాతువుకు ఉత్త నివసించడమనే అర్థం, కొన్నాళ్ళు అన్నది అందులో లేదు. పైగా “ఉపాన్వధ్యాఙ్వసః” అన్న పాణిని సూత్రం ప్రకారం ఉండే చోటు కర్మ అవుతుంది, ద్వితీయా విభక్తిలో రావాలి. అలాంటప్పుడు “ఇచ్చోటు నధివసించిరి” అనాలి. “ఇచ్చోట” ఉంది కాబట్టి “ని”. ఇంకోటి, అధివాసానికి సువాసన పట్టించడం అనే అర్థం కూడా ఉంది. ప్రతిష్ఠ మాటను అంత తేలిగ్గా ఇటు లాక్కురాలేం.

ధాన్యకటకం:
సంస్కృత కారకం తెలుగు వాక్యాన్ని ఎప్పుడు కట్టేసిందండీ? “సభను అధివసించెను” అని మనం ఎక్కడైనా రాస్తామా?

వినుకొండ అమ్మాయి:
మీరంతా క్రియ మీదే ఉన్నారు. నాకు “ఇచ్చోట” దగ్గరే గుండె ఆగింది. ఆ మాట వింటే జాషువా గారి శ్మశానవాటి చెవిలో పడకుండా ఉంటుందా! అక్కడ ప్రతి “ఇచ్చోటనే” ఏది పోయిందో చెబుతుంది. దమసు కూడా అంతే. రోమ్‌లోనే నేల కింద ఉన్న కలిస్టస్ సమాధుల్లోని ఆయన శాసనమూ “హిక్”, అంటే ఇచ్చోట, తోనే మొదలు. కిందకి దిగిన యాత్రికుడికి వేలు పెట్టి చూపిస్తున్నట్టుంటుంది.

తెనాలి మాస్టారు:
బాగా పట్టుకున్నావమ్మా. హరిశ్చంద్ర నాటకం కాటి సీనులో ఆ పద్యాలు ఎన్నిసార్లు విన్నానో. అయితే రాగం కోసం “ఇచ్చోటనే”ను సాగదీస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ మాట చటుక్కున పడాలి, అప్పుడే నేల కనిపిస్తుంది. ఆయన క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది గానీ, జనం నాలుక మీద నిలిచింది ఈ శ్మశానమే.

మిలాన్ నుంచి:
ఆ గుడికి రెండుసార్లు వెళ్ళాను. 1915లో నేల కింద తవ్వినప్పుడు బయటపడ్డ గోడ మీద ఆరు వందలకు పైగా గీతలున్నాయి. రాతి శాసనాలు కావు, సున్నపు పూత మీద మొనతో గీకినవి. వరసలు వంకరగా, ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి. “పౌలా, పేతురూ, విక్టరు కోసం వేడుకోండి” అని ఒకటి. టోమియస్ కోయెలియస్ అనే ఆయన పేతురు పౌలుల పేర విందు చేశానని రాసుకున్నాడు. చనిపోయినవాళ్ళను తలుచుకుంటూ అక్కడే కూర్చుని తినేవారు. మన పెద్దల దినం గుర్తొచ్చింది. అది చూశాక నాకు “కొలువుండిరి” అనాలనిపిస్తుంది. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఉండేవారు అనం, కొలువై ఉన్నారు అంటాం కదా.

ధాన్యకటకం:
“కొలువై ఉన్నారు”కి మునుపు ఎలా అతుకుతుందండీ? దమసు కష్టమంతా ఆ “మునుపు”లోనే ఉంది.

గుంటూరు సమాధుల తోట:
మా తోటలో పాత రాళ్ళ మీద “ప్రభువునందు నిద్రించెను” అనే ఉంటుంది. సిమెట్రీ అన్న మాటకు గ్రీకు మూలంలోనూ అర్థం నిద్రపోయే చోటే. తాతగారు “శయించిరి” అని ఉంటే ఈ గొడవే లేకపోను.

వ్యాకరణం శెట్టి:
శయించిరి అని లేదు కదా అమ్మా, వసించిరి స్పష్టంగా ఉందంటున్నారు. రేపల్లె వారూ, ఒక్కటి చూసి చెప్పండి. “పరిశుద్ధు” తర్వాత ల మీద కొమ్ము ఉందా? “అధి” అయితే సంధి జరిగి “పరిశుద్ధు లధివసించిరి” అవుతుంది, కొమ్ము ఉండదు. కొమ్ము ఉంటే “ని” ఖాయం.

రేపల్లె పాఠకుడు:
ఇప్పుడే కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూశాను. కొమ్ము ఉందండీ. కానీ అదే పేజీలో పైన తాతగారు “వారు అచ్చట” అని విడదీసే రాశారు.

ధాన్యకటకం:
చూశారా!