కొండదారి సైకిల్‌కి కార్బన్ రిమ్‌లు: వెనక చక్రానికి కూడా వేయించాలా?

రాళ్లబాట:
నా ట్రయల్ బైక్‌కి చక్రాలు కొత్తగా కట్టించుకుంటున్నాను. 29 అంగుళాల సైజు, రిమ్ లోపలి వెడల్పు 30 మి.మీ. హబ్‌లు తీసుకున్నాను, రిమ్ దగ్గరే ఆగిపోయాను. కార్బన్ ఫైబర్‌ది అయితే ఎక్కుడు తేలికవుతుందని కొందరు, రాయి తగిలితే పగులుతుందని కొందరు అంటున్నారు. దిగుడులో నేను బాగా వేగంగా పోతాను. వాడినవాళ్లు చెప్పండి.

గాలిచక్రం:
బరువు కోసమైతే వద్దండీ. ఈ సైజులో మంచి అల్యూమినియం రిమ్ 500–550 గ్రాములు, కార్బన్‌ది 400–450. జతకి 200 గ్రాములు తగ్గిందనుకుందాం. మీరూ సైకిలూ కలిపి 85 కిలోలుంటే, ఒకే వేగంతో ఎక్కేటప్పుడు ఆ లాభం పావు శాతం కూడా కాదు. అంచున తిరిగే బరువు రెట్టింపు లెక్క అంటారు. నిజమే, కానీ అది వేగం పెంచే క్షణాల్లోనే, అప్పుడైనా అర శాతం లోపే. పల్చటి కేసింగ్ (టైరు గోడ పొర) ఉన్న టైరుకీ మందపాటి దానికీ ఒక్కోదానికే 200 గ్రాములు తేడా వస్తుంది. కార్బన్‌తో బరువు తగ్గించి, ఇంకా తగ్గుతుంది కదా అని పల్చటి టైరు వేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. రిమ్‌ని కాపాడేది ఆ టైరే.

సన్నదారి:
బరువు లెక్క ఒప్పుకుంటాను. నేను మారింది దానికోసం కాదు. అల్యూమినియం రిమ్‌కి ఒకచోట సొట్ట పడితే అక్కడి స్పోకులు వదులవుతాయి, బెండు తీయబోతే పక్కవాటి మీద టెన్షన్ పెరుగుతుంది. నెలకోసారి స్పోక్ కీ పట్టుకుని కూర్చునేవాణ్ణి. కార్బన్ వేసి రెండేళ్లయింది, కీతో పని పడలేదు. పక్కకి వాలిన దారిలో ముందు చక్రం నేను చూసిన చోటికే పోతుంది. ఆ నమ్మకం తూకానికి అందదు.

గాలిచక్రం:
బెండు రాదు, అది నిజం. పగిలేదాకా గుండ్రంగానే ఉంటుంది, నా భయమంతా అక్కడే. ఒకసారి వెనక చక్రం పలక రాయికి కొట్టుకుంది. బీడ్ దగ్గర, అంటే టైరు అంచు రిమ్‌లో కూర్చునేచోట, సీలెంట్ (ట్యూబ్ లేని టైరులో పోసే, చిల్లులు మూసే ద్రవం) బుస్సుమని బయటికొచ్చింది. చూస్తే అల్యూమినియం అంచు గోరంత లోపలికి వంగి ఉంది. స్క్రూ స్పానర్‌తో పట్టి మెల్లగా బయటికి లాగి, గాలి కొట్టి, మిగతా దారంతా తొక్కాను. ఆ రిమ్ ఇప్పటికీ తిరుగుతోంది.

అంతకుముందు వాడిన కార్బన్ రిమ్ ఎప్పుడు పగిలిందో కూడా నాకు తెలియదు. రోజూ పొద్దున్నే గాలి దిగిపోతుంటే, రిమ్‌లో స్పోకు రంధ్రాలు మూసే టేపు రెండుసార్లు మార్చాను. చివరికి సబ్బునీళ్లు పోస్తే స్పోకు రంధ్రం పక్కన, వెంట్రుకంత గీతలోంచి బుడగలు! వారంటీలో కొత్తది ఇచ్చారు. కానీ మోడల్ మారడంతో పాత స్పోకుల పొడవు సరిపోలేదు. అవి కొని, చక్రం మళ్లీ కట్టించేదాకా సైకిల్ మూలనే ఉంది.

ఇత్తడినిపుల్:
నేను చక్రాలు కడతాను. పాత కార్బన్ రిమ్‌ల పేరు చెప్పి ఇప్పటివాటిని తీసేయకండి. శాంటా క్రూజ్ సైకిల్ కంపెనీ తన రిజర్వ్ కార్బన్ చక్రాలకి జీవితకాల వారంటీ ఇచ్చింది. 2019లో వచ్చిన జిప్ కంపెనీ 3జీరో మోటో ఒంటి గోడ రిమ్ (లోపల బోలు ఉండదు), రాయి తగిలినచోట కాస్త పక్కకి ఒరుగుతుంది.

ఏ కంపెనీది కొన్నా నిపుల్స్ (స్పోకుని రిమ్‌కి బిగించే చిన్న నట్లు) మాత్రం ఇత్తడివే వేయించండి. అల్యూమినియం నిపుల్ కార్బన్‌ని తాకుతున్నచోట తడి చేరిందంటే లోహాన్ని తినేస్తుంది. పైకి ఏమీ కనబడదు, కీ పెట్టి తిప్పితే తల ఊడి చేతికొస్తుంది. ఇత్తడి వల్ల 56 స్పోకుల జతకి పెరిగేది 40 గ్రాముల లోపే.

మీ విషయంలో నా సలహా: ముందు కార్బన్, వెనక అల్యూమినియం. రాయి కనబడితే ముందు చక్రాన్ని లేపి దాటిస్తాం. వెనకది మన బరువంతా మోస్తూ వచ్చి దానికే కొట్టుకుంటుంది.

సన్నదారి:
వెనక్కి కూడా కార్బనే వాడుతున్నాను, మందపాటి కేసింగ్, లోపల ఫోమ్ ఇన్సర్ట్ (రిమ్‌కి దెబ్బ తగలకుండా టైరులో పెట్టే మెత్తటి చుట్ట) పెట్టి. అవి లేకుండా అయితే నేనూ వద్దనే అంటాను.

రాళ్లబాట:
ఇన్సర్ట్ ఎక్కించడం, దించడం నాతో అయ్యే పని కాదు. వెనక అల్యూమినియం ఖాయం చేశాను, నిపుల్స్ రెండు చక్రాలకీ ఇత్తడివే. సన్నదారి గారూ, ముందు టైరులో గాలి ఎంత పెడతారు?

సన్నదారి:
నా బరువు 70 కిలోలు. 2.4 అంగుళాల టైరుకి 21 పీఎస్ఐ. రాళ్లు ఎక్కువున్న రోజు 23.