రుక్మిణీ దేవి అరండేల్‌ది జీవకారుణ్యమా, మన పళ్లెం మీద పెత్తనమా?

గంటస్తంభం (చర్చ మొదలెట్టింది)
మాది విజయనగరం. మా పాప ఎనిమిదో తరగతి, భరతనాట్యం నేర్చుకుంటోంది. మద్రాసులో కళాక్షేత్ర నాట్య పాఠశాల పెట్టిన రుక్మిణీ దేవి అరండేల్ గురించి టీచరు గారు క్లాసులో చెప్పారట. ఆవిడ నాట్యం సంగతి నాకూ తెలుసు. జంతువుల కోసం చేసిన పని మాత్రం పాప నోటే విన్నాను. 1952లో రాజ్యసభకి నామినేట్ అయ్యాక జంతుహింస మీద సొంతంగా ఒక బిల్లు పెట్టారట. అది వెనక్కి తీసుకోండి, ప్రభుత్వమే ఒకటి తెస్తుందని నెహ్రూ గారు మాటిచ్చారు. అలా వచ్చిందే 1960 చట్టం. 1962లో జంతు సంక్షేమ మండలి పెడితే మొదటి అధ్యక్షురాలు ఆవిడే. 1977లో మొరార్జీ దేశాయ్ రాష్ట్రపతిగా ఉండమంటే వద్దన్నారు. (ఆ ఏడు ఆ కుర్చీ ఎక్కింది మన నీలం సంజీవరెడ్డి గారు.)

ఇంతవరకూ బాగానే ఉంది. వచ్చే మంగళవారం గరివిడి అవతల మా అత్తవారి ఊళ్లో అమ్మవారి పండగ. వేట పడుతుంది, అంటే పోతుని బలిస్తారు. పాప రానంటోంది, వచ్చినా ముక్క ముట్టదట. "రుక్మిణీ దేవి గారుంటే ఇలాంటివన్నీ ఆపించేసేవారు" అని వాళ్ల అమ్మమ్మకి ఫోనులో చెప్పేసింది. ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. నేను ఏ పార్టీయో నాకే తెలీట్లేదు. మీరేమంటారు?

పచ్చిపులుసు
పాపకి నా దండం. ఆపించాల్సిందే. గుళ్ల దగ్గర బలులు కూడదని మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడే, 1950లో చట్టం వచ్చింది. డెబ్బై ఏళ్లు దాటింది. ఏ ఊళ్లో ఆగింది చెప్పండి?

టెక్కలి గుంటడు
ఏటండీ బాబూ ఈ గోల. పెళ్లిలో బిర్యానీ తిన్నపుడు గుర్తు రాని కారుణ్యం అమ్మోరి పండగ్గే గుర్తొత్తాదేటి? సికెన్ షాపోడు తెర ఎనకాల కోత్తాడు, మావోళ్లు కళ్ల ముందర కోత్తారు. అంతే కదా తేడా. మా ఊర్లో ఏడాదికోపాలి కూలోడి ఇంట్లో కూడా పొయ్యి మీద మాసం ఉడికేది ఆ రోజే. అది కూడా ఆపీమంటే ఎలగ?

కోరుకొండ రోడ్డు
నాకు ఆవిడ మీద వేరే అనుమానం ఉంది, చెప్తాను. దేవదాసీల చేతిలో ఉన్న, భరతనాట్యానికి పాత రూపమైన సదిర్‌ని తీసుకుని, శృంగారం తగ్గించి, "శుభ్రం" చేసి పెద్దింటి పిల్లల వేదికెక్కించారు. ఆ సంప్రదాయంలోనే పుట్టిన బాలసరస్వతి గారు దీన్ని ఒప్పుకోలేదు. శృంగారం తీసేస్తే ఈ నాట్యంలో ఇంకేముందన్నది ఆవిడ వాదన. మరి నాట్యాన్ని కడిగిన చెయ్యే పళ్లేన్ని కూడా కడగదా? పుట్టుకతో శాకాహారి, అంతర్జాతీయ శాకాహార సంఘానికి ఏళ్లకేళ్లు ఉపాధ్యక్షురాలు. నీసు తినేవాళ్లంటే ఎలాంటి చూపు ఉంటుందో మనకి తెలీనిదా? అద్దెకి ఇల్లడిగితే ముందు అడిగేది అదే కదా.

నల్లకోటు
కోర్టులో పని చేస్తాను కాబట్టి నాలుగు ముక్కలు చెప్తాను. అందరూ ఆవిడ ఏం తిందో మాట్లాడుతున్నారు, చట్టంలో ఏముందో ఎవరూ చూడట్లేదు.

1960 చట్టంలో మాంసం తినొద్దని ఒక్క మాట లేదు. పైగా 28వ సెక్షన్ ఉంది. ఏ మతం వారైనా తమ ఆచారం కోరే పద్ధతిలో జంతువుని చంపితే ఈ చట్టం కింద నేరం కాదంటుంది అది. కనుక "రుక్మిణీ దేవి గారు ఆపించేసేవారు" అంటే, ఆవిడ పోరాటంతో వచ్చిన చట్టమే పాప పక్షాన లేదు. 1950 నాటి చట్టం వేరు. గుళ్లో, గుడి ఆవరణలో, ఊరేగింపులో బలి ఇవ్వడం దాని కింద నేరం. ఇంటి పెరట్లో కోసుకు తినడం దాని పరిధిలోకి రాదు. తమిళనాడు వాళ్లు దీన్ని 2003లో గట్టిగా అమలు చెయ్యబోయి 2004లో చట్టాన్నే రద్దు చేసుకున్నారు.

ఇక 1960 చట్టం పట్టించుకున్నవి చూడండి. ఎక్కువ బరువు మోయించడం, కొట్టడం, కదల్లేకుండా కట్టెయ్యడం, తిండీ నీళ్లూ పెట్టకపోవడం. దాని కింద 1965లో వచ్చిన నిబంధనల ప్రకారం ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎద్దుని బండికి కట్టకూడదు. ముల్లుగర్ర వాడకూడదు. 1978 నిబంధనల్లో లారీకి ఆరు పశువులు మించకూడదని ఉంది.

ఇప్పుడు అలమండ సంత నుంచో, నారాయణవలస సంత నుంచో వచ్చే లారీ ఒకటి హైవే మీద చూడండి. నేను చూశాను. టార్పాలిన్ కింద ఎన్నున్నాయో లెక్క తెలీలేదు. ఒక తోక డాలా సందులోంచి బయటికి వేలాడుతోంది, నెత్తురు కారుతోంది. పట్టుబడితే మొదటిసారి జరిమానా ఎంతో తెలుసా? 10 రూపాయల నుంచి 50 రూపాయలు. ఆ 50 అన్న పైహద్దు 1960లో పెట్టిందే. ఒక దెబ్బలో పోయే పోతు గురించి ఇంత చర్చ, దీని గురించి ఒక్క పోస్టూ లేదు.

పచ్చిపులుసు
నల్లకోటు గారూ, అది ఆవిడ రాసిన బిల్లు కాదు, ప్రభుత్వం రాసుకున్నది. ఆవిడ అడిగినవన్నీ అందులో రాలేదు. ప్రయోగశాలల్లో జంతువుల మీద చేసే ప్రయోగాలను 14వ సెక్షన్ వదిలేసింది. చట్టం రాజీ పడిందని ఆవిడ కూడా రాజీ పడ్డట్టా?

నల్లకోటు
కాదు, ఒప్పుకుంటాను. అయినా 1986లో పోయేదాకా ఆ రాజీ చట్టం పట్టుకునే పని చేశారు కదా. అలిగి ఇంట్లో కూర్చోలేదు.

టెక్కలి గుంటడు
లారీ మాట నిజవేఁ. నానూ ఒప్పుకుంతాను.

ఇంకోటి. మా టెక్కలి పక్కన తేలినీలాపురం ఉంది, ఇనే ఉంటారు. ఏటేటా గూడబాతులూ కొంగలూ వొచ్చి ఊరి సింత సెట్ల మీద గూళ్లు కడతాయి. పెరడంతా రెట్టే, ఆ కంపు సెప్పక్కర్నేదు. అయినా ఒక్కడు రాయి ఇసరడు. అవి రాకపోతే ఊరికి మంచిది కాదని మా ముసిలోళ్ల నమ్మకం. ఆ ఊరోళ్లేటి శాకాహారులా? సేపలు తింతారు, కోడి తింతారు, పండగొత్తే పోతు కూడా. కాపాడ్డానికి తినడం మానక్కర్నేదు. అదీ నా మాట.

కోరుకొండ రోడ్డు
ఇది బాగుంది. సెక్షన్ల విషయంలో నేను తొందరపడ్డాను. నాట్యం విషయంలో మాత్రం పడలేదు.

పచ్చిపులుసు
పక్షిని కాపాడి కోడిని కోసేవాళ్లని మెచ్చుకోమంటారా? కోడి ఏం పాపం చేసింది, రెక్కలు పొట్టివనా?

టెక్కలి గుంటడు
కోడిని మీరు మెచ్చుకోండి. నాను వండుకుంతాను.

గంటస్తంభం
పండగ అయింది. ఏం జరిగిందో చెప్పమని ఇద్దరు ముగ్గురు అడిగారు.

పాప వచ్చింది. దాన్ని కూర్చోబెట్టుకుని అత్తగారు అన్నమాట ఇది: "కార్తీకం నెల్లాళ్లూ నేను నీసు ముట్టను. శనివారం ముట్టను. నన్ను ఎవరైనా చట్టం పెట్టి ఆపారేటే? నువ్వూ అలాగే మానీ. ఊరందర్నీ మానిపిస్తానని మాత్రం బయలెల్లకు." పాప కాసేపు మాట్లాడలేదు. తర్వాత నల్లకోటు గారు రాసింది ఫోనులో మొత్తం చదివింది. ముల్లుగర్ర దగ్గర ఆగింది. మామగారి ముల్లుగర్ర పశువులశాల చూరులోనే ఉంది, చివర మేకుతో సహా.

పెద్ద గొడవే అయింది. యాభై ఏళ్లుగా దున్నుతున్నాను, ఇప్పుడు నాకు రూల్సు చెప్తావా అని ఆయన కేకలు. ఎద్దు తుంటి మీద మానిన మచ్చలు ఎన్నున్నాయో ఇది పైకే లెక్కపెట్టింది, పదకొండు. సాయంత్రానికి ఆయనే పట్టకారుతో మేకు పీకేసి కర్ర మళ్లీ చూరులో దోపారు. ఎవరితోనూ మాట్లాడలేదు.

టెక్కలి గుంటడు
మరి వేట?

గంటస్తంభం
పడింది. పాప పనసపొట్టు కూర తింది. అత్తగారు వేరే గిన్నెలో, వేరే గరిటె పెట్టి వండారు. మేకు పాప పెన్సిల్ డబ్బాలో ఉంది.