టెక్నీషియన్ల నోట్స్ సీఆర్‌ఎమ్‌లోకి వాటంతట అవే పోవాలా, ఎవరైనా చూశాక పోవాలా?

ఇందుకూరుపేట_మేత
రొయ్యల మేత డీలర్‌షిప్. పది మంది టెక్నీషియన్లు, ఒక్కొక్కరు రోజుకు 12 చెరువులు చూస్తారు. డీఓసీ (పిల్ల వేసి ఎన్ని రోజులైంది), కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు), పీహెచ్, చెక్ ట్రేలో మిగిలిన మేత అన్నీ నోట్స్ యాప్ అయిన నోషన్‌లో రాస్తారు. బాకీలు, ఆర్డర్లు, ఫాలో-అప్‌లు మాత్రం ఖాతాదారుల వివరాలు ఉంచే జోహో సీఆర్‌ఎమ్‌లో. మధ్యలో ఒక మనిషి కూర్చుని ఇందులోది అందులోకి ఎక్కిస్తున్నారు. రెండూ కలపాలని నిర్ణయం అయిపోయింది. నోట్ రాయగానే పోవాలా, సూపర్‌వైజర్ చూశాక పోవాలా అన్నదగ్గర ఆగింది. చేసినవాళ్లు చెప్పండి.

ఒంగోలు_ఆటోమేషన్
రాయగానే పోవాలి. మధ్యలో మనిషిని పెడితే పాత పనికే కొత్త పేరు. వైట్ స్పాట్ (రొయ్యలకొచ్చే వైరస్ రోగం) అనుమానం అని టెక్నీషియన్ రాస్తే ఆ ముక్క వెంటనే ఆఫీసుకు తెలియాలి. సూపర్‌వైజర్ రాత్రి తీరిగ్గా చూసేసరికి రైతు పట్టుబడికి (రొయ్యలు పట్టి అమ్మేయడానికి) బేరం మాట్లాడేసి ఉంటాడు, మీ బాకీ సంగతి అప్పుడు గుర్తొస్తుంది. యాప్‌లను ఒకదానితో ఒకటి కలిపే జేపియర్‌లో నోషన్ కొత్త పేజీ ట్రిగ్గర్ (కొత్త పేజీ పడగానే పని మొదలయ్యేలా) పెట్టండి. ఆ వెనక జోహోలో రైతును వెతకడం, సందర్శన రికార్డు రాయడం, తిరిగి నోషన్‌లో గుర్తు పెట్టడం. అరపూట పని.

విడవలూరు_వనామి
అరపూట పనే నా, కాదన్లా. ఆ ట్రిగ్గర్ ఎప్పుడు పేలుద్దో చూడండి. కట్ట మీద నిలబడి పేజీ తెరిచి రైతు పేరు కొట్టేలోపే అది కొత్త పేజీ కింద లెక్క. ఖాళీ రికార్డు అటు పోద్ది. తర్వాత నింపిన కౌంట్, మేత పోవు, ఎందుకంటే ఆ ట్రిగ్గర్‌కు కొత్త పేజీలతోనే పని, మార్పులతో కాదు. సరే అని మార్పుల ట్రిగ్గర్ పెడితే ఒక్క సందర్శనకు నాలుగు రికార్డులు లేస్తాయి.

"స్థితి" అని ఒక సెలెక్ట్ ప్రాపర్టీ (జాబితాలోంచి ఎంచుకునే గడి) పెట్టండి: రాస్తున్నా, పంపాలి, పంపాం, తేడా. "పంపాలి" అన్న పేజీలను మాత్రమే వర్క్‌ఫ్లో ఎత్తుకోవాలి. ఎత్తుకున్నాక "పంపాం" అని మార్చాలి.

పెన్నా_కోడ్
విడవలూరు అన్న చెప్పిన పద్ధతికి ఇంకో లాభం ఉంది. నోషన్ ఏపీఐ (వేరే ప్రోగ్రాములు డేటా అడిగే దారి) ఇచ్చే "చివరిగా మార్చిన సమయం" నిమిషానికి సరిచేసి ఉంటుంది, సెకన్లు రావు. దాన్ని నమ్ముకుని "పోయినసారి తర్వాత మారినవి" అని అడిగితే అదే నిమిషంలో రాసినవి జారిపోతాయి. పైగా వర్క్‌ఫ్లో తిరిగి నోషన్‌లో ఏం రాసినా ఆ సమయం మారుతుంది, మళ్లీ అదే పేజీ ట్రిగ్గర్ అవుతుంది. రెండువైపులా సింక్ పెట్టినవాళ్లు చిక్కుకునేది ఈ గానుగలోనే. నోషన్ నుంచి జోహోకు ఒకవైపే పెట్టండి.

ఇక ఖర్చు. పది మంది, 12 చెరువులు, నెలకు 25 రోజులు: 3,000 నోట్స్. జేపియర్‌లో ట్రిగ్గర్‌కు లెక్క లేదు గానీ వెతకడం, రాయడం, గుర్తు పెట్టడం ఒక్కొక్కటీ ఒక టాస్క్. నెలకు 9,000. ఉచిత ప్లాన్‌లో ఉండేది 100. జేపియర్ లాంటిదే అయిన ఎన్‌ఎయిట్‌ఎన్‌ను సొంత సర్వర్‌లో పెట్టుకుంటే ఈ లెక్కే ఉండదు.

ఒంగోలు_ఆటోమేషన్
సొంత సర్వర్ అంటున్నారు తమ్ముడూ, దాన్ని చూసుకునేదెవరు? మేత గోడౌన్ పక్కన ఆఫీసు కంప్యూటర్‌లో పెడితే కరెంటు పోయినప్పుడల్లా ఆగుతుంది.

పెన్నా_కోడ్
ఆఫీసు కంప్యూటర్‌లో వద్దు గురువుగారూ, చిన్న క్లౌడ్ సర్వర్ అద్దెకు తీసుకోవాలి. పది నిమిషాలకోసారి వెళ్లి "పంపాలి" ఉన్నవి తెచ్చుకునేలా పెడితే మధ్యలో గంట ఆగినా నోట్ పోదు, లేవగానే అందుకుంటుంది. మూడు జాగ్రత్తలు మాత్రం తప్పవు:

- ఎన్‌క్రిప్షన్ కీని విడిగా దాచుకోవాలి. డేటాబేస్ బ్యాకప్ ఉండి కీ పోతే జోహో, నోషన్ లాగిన్ వివరాలన్నీ మళ్లీ ఇచ్చుకోవాలి.
- టైమ్‌జోన్‌ను ఆసియా/కోల్‌కతాకు మార్చాలి. అది మామూలుగా న్యూయార్క్ మీద ఉంటుంది. ఉదయం 7కు పెట్టిన పని మనకు సాయంత్రం నాలుగున్నరకో ఐదున్నరకో నడుస్తుంది.
- జోహో ఖాతా డాట్ ఇన్‌లో (ఇండియా సర్వర్‌లో) ఉంటే టోకెన్, ఏపీఐ చిరునామాలు రెండూ డాట్ ఇన్‌వే ఇవ్వాలి. డాట్ కామ్ ఇస్తే "ఇన్‌వాలిడ్ క్లయింట్" అంటుంది, తప్పు పాస్‌వర్డ్‌లో ఉందని జనం వెతుకుతుంటారు.

తేదీల గొడవ ఇంకోటి. నోషన్ సమయాన్ని యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనక) ఇస్తుంది. అందులో మొదటి పది అక్షరాలు కత్తిరించి తేదీ అనుకుంటే, పొద్దున 5:30 లోపు రాసిన నోటు నిన్నటి తేదీలో పడుతుంది. వేరే వ్యాపారాల్లో ఇది బయటపడదేమో గానీ చెరువుల దగ్గర తెల్లారుజాము పట్టుబడులే ఎక్కువ.

ట్రంకురోడ్డు_లెక్కలు
అసలు నోషన్ ఎందుకు? జోహోకు మొబైల్ యాప్ ఉంది, టెక్నీషియన్లు నేరుగా అందులోనే రాస్తే ఈ పురాణమంతా అక్కర్లేదు గదా?

ఇందుకూరుపేట_మేత
పది మందికీ జోహో లైసెన్సులు కొనాలి గారూ. పైగా ఫలానా రైతు బాకీ ఎంతో టెక్నీషియన్‌కు కనబడకూడదు.

ట్రంకురోడ్డు_లెక్కలు
కనబడకుండా ప్రొఫైల్‌లో ఫీల్డ్ వారీగా ఆపొచ్చు. లైసెన్సుల మాట ఒప్పుకుంటా. అయితే నోట్ మొత్తం అటు పంపకండి. పేజీ లోపల "కొడుకు వేరే డీలర్ దగ్గర తీసుకుంటున్నాడు", "బంగారం తాకట్టు పెట్టాడు" లాంటివి రాస్తుంటారు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ఉంది, అది లేకపోయినా అలాంటివి అందరికీ కనబడే చోట పెట్టే సంగతులు కావు. ప్రాపర్టీలు పంపండి, పేజీ లోపలి రాత వదిలేయండి.

చీమకుర్తి_గెలాక్సీ
గ్రానైట్ ఎగుమతుల్లో ఈ తిప్పలు తక్కువ. కొనేవాడికి ఈమెయిల్ ఉంటుంది, రెండుచోట్లా ఒకే మనిషని పోల్చడానికి అదే గుర్తు. మీకు ఫోన్ నంబరే గతి కాబట్టి +91, ముందు సున్నా, మధ్యలో ఖాళీ అన్నీ తీసేసి చివరి పది అంకెలు పెట్టుకోండి.

విడవలూరు_వనామి
ఫోన్ నంబరు సాలదబ్బయా. ఒకే నంబరు మీద నాలుగు చెరువులు ఉంటాయి, తండ్రీకొడుకులకు ఒకే ఫోన్ ఉంటాది. గుర్తు చెరువుకు ఉండాల, రైతుకు కాదు. జోహోలో చెరువులకు ఒక మాడ్యూల్ (విడి పట్టిక), సందర్శనలకు ఒక మాడ్యూల్. మీ ఎడిషన్‌లో కస్టమ్ మాడ్యూళ్లు ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. నోషన్‌లో చెరువుల జాబితా ఒకటి పెట్టి, టెక్నీషియన్ అందులోంచి ఎంచుకోవాల్సిందే, పేరు కొట్టకూడదు.

పెన్నా_కోడ్
ఆ జాబితాలో ప్రతి చెరువు పక్కన జోహో రికార్డు నంబరు పెట్టుకోవాలి. ఎక్స్‌పోర్ట్ చేస్తే నంబరుకు ముందు "జెడ్‌సీఆర్‌ఎమ్" అని వస్తుంది. దాన్ని ఎక్సెల్‌లో తీసేసి సేవ్ చేశారా, కొంప మునిగినట్టే. ఎక్సెల్ 15 అంకెల దాకానే సరిగా ఉంచుతుంది, మిగతావి సున్నాలవుతాయి. నోషన్‌లో కూడా నంబరు ప్రాపర్టీ వద్దు, టెక్స్ట్ పెట్టండి.

ఒకే సందర్శన రెండుసార్లు పడకుండా నోషన్ పేజీ ఐడీని జోహోలో ఒక ఫీల్డ్‌గా పెట్టి, డూప్లికేట్ ఒప్పుకోదని సెట్ చేయండి. హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ నోడ్‌తో అప్‌సర్ట్ పంపితే పాతది ఉంటే దిద్దుతుంది, లేకపోతే కొత్తది రాస్తుంది. ఏపీఐ ఇచ్చే ఐడీలో హైఫన్లు ఉంటాయి, 36 అక్షరాలు. లింకులోంచి కాపీ చేస్తే 32. ఏదో ఒకటే వాడండి.

ఒంగోలు_ఆటోమేషన్
ఇవన్నీ ఒప్పుకున్నా సూపర్‌వైజర్ టిక్ ఎందుకో ఇంకా ఎవరూ చెప్పలేదు. టెక్నీషియన్ ఏదో రాస్తాడు, అందులోంచి అంకెలు ఏఐ తీసి పెడుతుంది.

విడవలూరు_వనామి
"70కి 70 వచ్చింది, లక్షన్నర" అని రాస్తారు మనోళ్లు. ఏ 70 రోజులో, ఏ 70 కౌంటో, లక్షన్నర రొయ్యపిల్లో బాకీనో అది ఎట్టా తేల్చుద్ది? నంబరు ప్రాపర్టీలు విడిగా పెడితే ఏఐతో పని లేదు.

సూపర్‌వైజర్ అన్నిటికీ వద్దు, లెక్క తప్పినవాటికి చాలు. డీఓసీ 30లో కౌంట్ 40 అంటే రొయ్య 25 గ్రాములు ఉన్నట్టు, అది జరగని పని. అదే చెరువుకు పోయినసారి 80 ఉండి ఈసారి 110 ఉంటే కూడా ఆపాల. ఇంకోటి, కౌంట్ తగ్గితే హెచ్చరిక పంపేలా రూల్ రాస్తారు చెరువు చూడనోళ్లు. కౌంట్ తగ్గితే రొయ్య పెరుగుతాండాదని!

ఒంగోలు_ఆటోమేషన్
అంటే తొంభై శాతం నేను చెప్పినట్టే, టిక్ లేకుండానే పోతాయి.

విడవలూరు_వనామి
పోతాయి. "పంపాలి" అని టెక్నీషియన్ తానే పెట్టాక. వైట్ స్పాట్‌కు విడిగా ఒక చెక్‌బాక్స్ పెట్టి, అది పడితే మాత్రం లెక్కలతో పని లేకుండా ఫోనుకు పోయేట్టు చెయ్యండి. దాంట్లో మీతో పేచీ లేదు.

ఇందుకూరుపేట_మేత
పది నిమిషాలకు వచ్చినవన్నీ ఒక్క అప్‌సర్ట్‌లో పంపొచ్చా?

పెన్నా_కోడ్
ఒక్కోసారికి 100 రికార్డుల దాకా. జవాబు మొత్తంగా "సరే" అన్నట్టు కనిపించినా అందులో రెండు ఫెయిలయి ఉండొచ్చు, ఒక్కో రికార్డు కోడ్ విడిగా చూడాలి. ఫెయిలైనవాటిని "తేడా" స్థితిలోకి మార్చి, కారణం పక్క ప్రాపర్టీలో రాయించండి. నోషన్ వైపు సెకనుకు సగటున మూడు రిక్వెస్టులే, కాబట్టి స్థితి మార్చే చోట మధ్యలో అర సెకను ఆగేలా పెట్టండి. 429 (మరీ ఎక్కువసార్లు అడిగారన్న ఎర్రర్) వస్తే అది చెప్పినంతసేపు ఆగి మళ్లీ అడగాలి.