నలభై రాకముందే తుంటి అరిగితే: రీసర్ఫేసింగా, పూర్తి మార్పిడా?

నడకపిచ్చి: వయసు 38. కుడి తుంటి కీలు బాగా అరిగిపోయిందన్నారు. సాక్సు వేసుకోవాలంటే మంచం మీద పక్కకు ఒరిగి, కాలిని చేత్తో పైకి లాక్కోవాల్సి వస్తోంది. ఒక సర్జన్ రీసర్ఫేసింగ్ అంటున్నారు, ఇంకొకరు పూర్తి మార్పిడే నయమంటున్నారు. మీరైతే ఏది చేయించుకుంటారు?

బేస్‌లైన్: రీసర్ఫేసింగే. తొడ ఎముక తల కోసెయ్యరు, చెక్కి లోహపు టోపీ తొడుగుతారు. రేపు చెడిపోయినా మామూలు మార్పిడికి ఎముక మిగిలి ఉంటుంది. టెన్నిస్ ఆటగాడు ఆండీ ముర్రే 2019 జనవరిలో చేయించుకుని అక్టోబరులో ఆంట్వెర్ప్ టైటిల్ కొట్టాడు. ఇంకేం కావాలి?

పాతఎక్స్‌రే: ముర్రేకి కుదిరిందని అందరికీ కుదరదు. టోపీ కూర్చునే గిన్నె కూడా లోహమే, అంటే లోహం మీద లోహం రాసుకుంటుంది. కోబాల్ట్, క్రోమియం రక్తంలోకి చేరతాయి, కొందరికి కీలు చుట్టూ కండ పాడవుతుంది. అలా పాడయ్యాక ఎముక మిగిలినా రెండో ఆపరేషన్ తేలిక కాదు. కృత్రిమ కీళ్ల కంపెనీ డెప్యూ వాళ్లు ఏఎస్ఆర్ అనే ఇలాంటి లోహపు కీళ్లను 2010లో వెనక్కి తీసుకున్నారు. బంతి, అంటే తొడ ఎముక తల, చిన్నదైతే బెడద ఇంకా ఎక్కువ. అందుకే బర్మింగ్‌హామ్ అనే రీసర్ఫేసింగ్ కీలును ఆడవాళ్లకు వాడొద్దని 2015లో తయారీదారులే చెప్పారు. ఇంతకీ మీరు ఆడో మగో, బంతి కొలత ఎంతో చెప్పనేలేదు. సగం జవాబు అక్కడే ఉంది.

బేస్‌లైన్: మరి మార్పిడి కీళ్లలో 25 ఏళ్లు నిలిచేవి దాదాపు 58 శాతమేనని 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది కదా? 38కి 25 కలపండి, 63. ఆ వయసులో మళ్లీ కోయించుకోవాలా?

పాతఎక్స్‌రే: 25 ఏళ్లు చూడాలంటే పాతికేళ్ల కిందట పెట్టినవే చూడాలి కదండీ. వాటిలో బంతి కూర్చునేవి ఎక్కువగా పాత రకం ప్లాస్టిక్ గిన్నెలు. ఆ ప్లాస్టిక్ రేణువులు రాలి, వాటికి ఒళ్లు ఎదురు తిరిగి, చుట్టూ ఎముక కరిగి కీలు వదులయ్యేది. 1990ల చివర్లో వచ్చిన క్రాస్‌లింక్డ్ ప్లాస్టిక్ చాలా తక్కువ అరుగుతుంది. అయినా కుర్రవాళ్లకు రెండో ఆపరేషన్ అవకాశం ముసలివాళ్లకన్నా ఎక్కువే, అది ఒప్పుకుంటాను.

గిన్నెలోతు: కటి ఎముకలో సహజంగా ఉండే గిన్నె లోతు తక్కువైతే ఆ ఎముక కోసి, గిన్నెను తిప్పి అమర్చే ఆపరేషన్ కూడా ఉంది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో గంజ్ అనే సర్జన్ 1984లో మొదలుపెట్టారు. కాకపోతే మృదులాస్థి మిగిలి ఉండాలి. బాగా అరిగాక లాభం లేదు.

నడకపిచ్చి: మగ. కొలత 52 మిల్లీమీటర్లట. పరుగులు అక్కర్లేదు, హాయిగా నడిస్తే చాలు.

పాతఎక్స్‌రే: కొలత రీసర్ఫేసింగ్‌కి సరిపోతుంది. కానీ పరుగే వద్దన్నప్పుడు లోహంతో ఈ టెన్షన్ ఎందుకు? నేనైతే సెరామిక్ బంతి, క్రాస్‌లింక్డ్ గిన్నె. రీసర్ఫేసింగ్ చేస్తామన్న సర్జన్‌ని మాత్రం ఏడాదికి అలాంటివి ఎన్ని చేస్తారో అడగండి.

బేస్‌లైన్: నొప్పి ఉంది కాబట్టి ఇప్పుడు నడక చాలంటున్నారు. నొప్పి పోయాక పరుగెత్తాలనిపిస్తే?