లోకల్ అథారిటీ ఒప్పుకుంది, డబ్బూ ఉంది, షెడ్డు మాత్రం లేవలేదు. ఎక్కడ ఆగుతోంది?

ఎర్రమట్టి

అందరికీ నమస్తే. ఆస్ట్రేలియా నార్తర్న్ టెరిటరీలో, ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి నడిచే ఒక రీజినల్ కౌన్సిల్లో చిన్న ప్రాజెక్టుల ఫైళ్ళు నా చేతికొచ్చాయి. మారుమూల అబొరిజినల్ కమ్యూనిటీలలో చేయాల్సిన పనులవి. ఒక ఊరి ఫైల్లో మూడు పనులున్నాయి: బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన నీడ షెడ్డు, రెండు సోలార్ లైట్లు, శ్మశానానికి కంచె. మూడింటినీ లోకల్ అథారిటీ రెండేళ్ళ కిందటే ఒప్పుకుంది. గ్రాంటు డబ్బు ఖాతాలోనే ఉంది. మినిట్స్‌లో మాత్రం ప్రతిసారీ అదే వాక్యం: "కొటేషన్ గడువు తీరింది, మళ్ళీ తెప్పించాలి". ఏడాదికి నాలుగు మీటింగులు జరగాల్సింది, రెండు కోరం లేక పోయాయి.

లోకల్ అథారిటీ మన గ్రామ పంచాయతీ లాంటిదేనా? దాని తీర్మానం చాలా, ఇంకెవరైనా ఒప్పుకోవాలా? ఈ సైజు పనులు ఏ వరసలో చేస్తే ముందుకు కదులుతాయి? లోపల పని తెలిసినవాళ్ళు చెప్పగలరు.

లెక్కలపుస్తకం

పంచాయతీ అనుకుంటే మొదటి అడుగే తప్పుతుందండీ. 2008 జులై 1కి ముందు అక్కడ ఊరికో కౌన్సిల్ అన్నట్టు అరవై దాకా చిన్న కౌన్సిళ్ళు ఉండేవి. వాటిని కలిపేసి షైర్లనే పెద్ద కౌన్సిళ్ళు చేశారు. ఎంత పెద్దవంటే, టెనంట్ క్రీక్ కేంద్రంగా ఉన్న బార్క్‌లీ ఒక్కటే 3.2 లక్షల చదరపు కిలోమీటర్ల పైన. ఆంధ్రా, తెలంగాణ కలిపినా 2.75 లక్షలే. ఊళ్ళో ఉన్న ఆఫీసు, రోడ్డు చదును చేసే గ్రేడరు, నిర్ణయం అన్నీ ఎక్కడో పట్టణానికి వెళ్ళిపోయాయన్న కోపం జనంలో మిగిలింది. 2014లో షైర్లకు రీజినల్ కౌన్సిళ్ళని పేరు మార్చి, పోయిన గొంతు కొంతైనా తిరిగివ్వడానికి ఊరికో లోకల్ అథారిటీ పెట్టారు.

కాబట్టి అది సలహా సంఘం. దానికి సొంత బ్యాంకు ఖాతా లేదు, ఉద్యోగులు లేరు, కాంట్రాక్టు మీద సంతకం పెట్టే హక్కు లేదు. ప్రాజెక్టు డబ్బు టెరిటరీ ప్రభుత్వం నుంచి కౌన్సిల్‌కు వస్తుంది. దేనికి ఖర్చు చేయాలో అథారిటీ చెబుతుంది. కౌన్సిల్ సాధారణ సమావేశం దాన్ని ఆమోదించాకే పర్చేజ్ ఆర్డర్. ఆ సమావేశం రెండు నెలలకు ఒకసారైనా జరగాలని చట్టం, అంటే నెలనెలా జరుగుతుందని లెక్క వేసుకోకండి.

మీ ఫైలు ఎందుకు ఆగిందో నాకు ఇక్కడే కనిపిస్తోంది. కొటేషన్ మామూలుగా 30 రోజులు, మహా అయితే 60 రోజులు చెల్లుతుంది. అథారిటీ కూర్చునేది మూడు నెలలకోసారి. ఫిబ్రవరిలో కొటేషన్ చూసి సరే అంటారు. అది కౌన్సిల్‌కు వెళ్ళేసరికి ఏప్రిల్. అప్పటికి ధర చెల్లదు. కొత్త ధర ఎక్కువ కాబట్టి "మళ్ళీ అథారిటీని అడుగుదాం" అంటారు. అది మేలో. ఆ మీటింగుకు కోరం రాదు. ఈ గానుగ ఇలా ఎన్నేళ్ళయినా తిరుగుతుంది, ఇందులో ఎవరూ తప్పు చేసినట్టు కనిపించరు.

మందు చిన్నదే. అథారిటీ ముందు కొటేషన్ పెట్టి ఆమోదం అడగకండి, గరిష్ఠ మొత్తం పెట్టి అడగండి. తీర్మానం ఇలా ఉండాలి: "కోర్టుకు తూర్పు పక్కన నీడ షెడ్డుకు, రవాణా, ఇంజనీరు ఖర్చులతో సహా, ఇంత మొత్తం దాటకుండా కేటాయించమని సిఫారసు". ఆ అంకెలో 15 నుంచి 20 శాతం వెసులుబాటు ముందే కలపండి. అప్పుడు కొటేషన్ మారినా ఆ హద్దులోపలే ఉంటే మళ్ళీ ఎవరి దగ్గరికీ వెళ్ళక్కర్లేదు. మిగిలితే తర్వాతి మీటింగులో ఎంత మిగిలిందో చెప్పండి. అది చెప్పడం మరిస్తే రెండోసారి గరిష్ఠ మొత్తానికి ఎవరూ ఒప్పుకోరు.

కోరం సంగతి. పదవిలో ఉన్న సభ్యుల్లో సగానికి మించి రావాలి. ఊరు విడిచి వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు జాబితాలో ఉన్నంతకాలం వాళ్ళూ లెక్కలోకే వస్తారు. 12 మంది పేర్లుండి ముగ్గురు డార్విన్‌లో ఉంటే, మిగిలిన 9 మందిలో 7 గురు రావాల్సిందే. రాకుండా ఉన్నవాళ్ళ విషయంలో మీ కౌన్సిల్ నియమం ఏముందో చూసి, ఆ ఖాళీలు ప్రకటించి నింపండి. కోరం లేకపోయినా కనీసం మూడో వంతు మంది ఉంటే ప్రొవిజనల్ మీటింగు పెట్టుకోవచ్చు. అజెండా అంతా చర్చించవచ్చు, కౌన్సిల్‌కు సిఫారసు కూడా పంపవచ్చు. అది ప్రొవిజనల్ మీటింగు సిఫారసు అని మినిట్స్‌లో స్పష్టంగా రాయాలి, అంతే. చాలాచోట్ల ఈ వీలు వాడకుండా టీ తాగి అందరినీ ఇంటికి పంపేస్తారు.

గ్రాంటు ఒప్పందంలో ఖర్చు గడువు చూశారా? రెండేళ్ళ పాత డబ్బంటే ఆ కాగితం ఈ వారమే తీసి చదవండి. గడువు దాటితే వెనక్కి అడగవచ్చు.

గుంతలవాడు

పైవారు చెప్పింది కాగితం సంగతి. నేను నేల సంగతి చెబుతాను. కాగితం సరిగ్గా ఉన్నా ఆగే పనులు ఎక్కువ ఇక్కడే ఆగుతాయి.

ఎక్కడైనా తవ్వాలంటే ముందు పవిత్ర స్థలాల విషయం తేలాలి. 1989 పవిత్ర స్థలాల చట్టం కింద అబొరిజినల్ ఏరియాస్ ప్రొటెక్షన్ అథారిటీ ఇచ్చే సర్టిఫికెట్ తీసుకోండి. దానికి నెలలు పడుతుంది. డబ్బు ఆమోదం కోసం ఆగకుండా స్థలం అనుకున్న వారమే దరఖాస్తు పెట్టాలి. ఆ ప్రాంతానికి పాత సర్టిఫికెట్ ఉంటే ఏ పనికి ఇచ్చారో చదవండి. రోడ్డు పక్క కంకర తవ్వడానికి ఇచ్చినది షెడ్డు పునాదికి పనికిరాదు. ఆ తర్వాత భూగర్భ లైన్లు. మ్యాపు మీద ఉన్న నీటి పైపు నేలలో అక్కడే ఉంటుందని నమ్మకండి. ఊళ్ళో బోరు, జనరేటరు చూసే ఆపరేటర్‌ను పిలిచి రంగుతో గీయించండి. ఊరి ప్రధాన పైపు తెగితే బాగు చేసేవాళ్ళు రావడానికి ఒక రోజు, అప్పటిదాకా ఊరికి నీళ్ళుండవు.

షెడ్డు లెక్క. నాలుగు స్తంభాల షెడ్డుకు ఇంజనీరు 600 మిల్లీమీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల లోతు గుంతలు ఇచ్చాడనుకుందాం. ఒక్కో గుంత 0.42 ఘనపు మీటర్లు, నాలుగూ కలిపి 1.7. ఊళ్ళో రెడీమిక్స్ ప్లాంటు ఉండదు. 20 కిలోల బస్తాలైతే ఘనపు మీటరుకు 108 పైన పడతాయి, అంటే 185 దాకా బస్తాలు, బరువు 3.7 టన్నులు. ఇది కొటేషన్లో "కాంక్రీటు" అని ఒక్క ముక్కలో ఉంటుంది. ఎవరు మోస్తారో, ఎక్కడ దించుతారో, వాన తగలకుండా ఎక్కడ పెడతారో ఉండదు. అడగండి. గుంత తీసే ఆగర్‌కు రాతి పళ్ళు ఉన్నాయా అనీ అడగండి. పైన మెత్తటి ఎర్ర ఇసుక, అర మీటరు కింద గట్టి సున్నపు పొర. మట్టి పళ్ళతో వచ్చినవాడు రెండో గుంతకే వెనక్కి తిరుగుతాడు, రాకపోకల ఖర్చు మీ నెత్తిన.

పైకప్పుకు బట్ట వద్దు, రేకు వేయండి. బట్ట మొదటి ఏడాది బావుంటుంది. తర్వాత గాలికి అంచు చిరిగితే కుట్టేవాళ్ళు ఊళ్ళో ఉండరు, ఆ చిరుగుతోనే పోతుంది. టెరిటరీ ఉత్తరాన ఆర్నెమ్ ల్యాండ్ తీరం వైపైతే తుపాను ప్రాంతపు గాలి లెక్కతో డిజైన్ చేయించాలి. ఆలిస్ స్ప్రింగ్స్ షెడ్డు డ్రాయింగు తీసుకెళ్ళి అక్కడ వాడకూడదు. మనవాళ్ళు చేసే ఒక పొరపాటు కూడా చెబుతాను: ఆలిస్ స్ప్రింగ్స్ వైపు ఎండ ఉత్తరం నుంచి వాలుతుంది, మన ఊళ్ళలోలా దక్షిణం నుంచి కాదు. షెడ్డు నీడ ఎటు పడుతుందో అలవాటు కొద్దీ గీస్తే బెంచీలు ఎండలో ఉంటాయి. పిల్లల ఇనుప జారుడుబల్ల పెడితే దక్షిణ ముఖంగా పెట్టండి, లేకపోతే వేసవిలో తొడలు కాలతాయి.

కాంట్రాక్టరు ఎక్కడ పడుకుంటాడు? నవ్వకండి, సగం పనులు దీనికే వాయిదా పడతాయి. ఊళ్ళో గదులు మూడో నాలుగో ఉంటాయి, క్లినిక్‌కు వచ్చే డాక్టర్లు, కరెంటువాళ్ళు అందరికీ అవే. గది ఖాయమయ్యాకే తేదీ ఖాయం. పనివాళ్ళకు ల్యాండ్ కౌన్సిల్ (అబొరిజినల్ నేల యజమానుల తరఫున వ్యవహారాలు చూసే సంస్థ) పర్మిట్లు, పిల్లలుండే చోట పనైతే అందుకు అనుమతిగా ఇచ్చే ఓకర్ కార్డు, వాహనంలో మద్యం ఒక్క సీసా కూడా లేకుండా చూడటం, ఇవన్నీ ఆర్డరులోనే రాయండి.

ఒక్క ఊరికి ఒక్క షెడ్డని పిలిస్తే ధర రెండింతలు చెబుతారు, దాంట్లో అన్యాయమేమీ లేదు. కింటోర్ అనే ఊరు ఆలిస్ స్ప్రింగ్స్‌కు పడమటగా 500 కిలోమీటర్ల పైనే. అదే దారిలో పాపన్యా, మౌంట్ లీబిగ్ ఉన్నాయి. అలాంటి దారి మీద మూడు ఊళ్ళ పనులు కలిపి ఒకే ఆర్డరు చేస్తే లారీ ఒకటే, ఆగర్ ఒకటే, ఇంజనీరు సంతకం ఒకటే. అందుకు మూడు అథారిటీలూ ఒకే కాలంలో ఆమోదించాలి. అది మీ పని.

నీడపట్టు

ఇద్దరూ మంచి మాటలు చెప్పారు కానీ ఒక పెద్ద సంగతి పక్కకు పోయింది. అథారిటీ సభ్యులు వేరు, నేల సొంతదారులు వేరు.

టెరిటరీలో దాదాపు సగం నేల 1976 భూహక్కుల చట్టం కింద ల్యాండ్ ట్రస్టుల చేతిలో ఉంది. ఊళ్ళో ఉండే కుటుంబాలన్నీ ఆ నేల సంప్రదాయ యజమానులు కావు. మిషన్ల కాలంలో, రేషన్ డిపోల కాలంలో వేరే దేశాల నుంచి తెచ్చి ఒకచోట పెట్టినవాళ్ళ మనవలు కూడా ఉంటారు ("దేశం" అంటే అక్కడ తాతల నేల అని అర్థం). అథారిటీలో వాళ్ళు ఓటేయవచ్చు, నేల గురించి మాట మాత్రం యజమానులదే. ఆ సమ్మతి ల్యాండ్ కౌన్సిల్ ద్వారా తీసుకోవాలి. ఆ స్థలానికి రీజినల్ కౌన్సిల్ పేర ఆ చట్టం సెక్షన్ 19 కింద లీజు ఉందేమో చూడండి. లీజు హద్దు లోపలైతే పని తేలిక, హద్దుకు ఐదు మీటర్లు అవతలైతే అది వేరే కథ. మన గిరిజన ప్రాంతాల పెసా చట్టం కింద ఉండే గ్రామసభతో పోల్చాలనుకుంటే, దానికి దగ్గరగా ఉండేది లోకల్ అథారిటీ కాదు, ఈ యజమానుల సమ్మతి.

శ్మశానం కంచె ఆగడానికి కారణం కూడా ఇక్కడే వెతకండి. గుర్తు లేని పాత సమాధులు కంచె గీత మీదే ఉండవచ్చు. స్తంభం గుంత తీయడానికి ముందు ఆ కుటుంబాల పెద్దలతో గీత వెంట నడవాలి. ఆఫీసులో శాటిలైటు ఫొటో మీద గీసిన చతురస్రం పనికిరాదు.

మీటింగు విషయం. కోరం రాకపోవడాన్ని "ఆసక్తి లేదు" అని రాసేవాళ్ళున్నారు, నాకు అది నచ్చదు. ఊళ్ళో ఎవరైనా పోతే, దాన్ని సారీ బిజినెస్ అంటారు, మీటింగు ఉండదు, ఉండకూడదు. ముందురోజు ఊళ్ళో ఉన్న కౌన్సిల్ ఆఫీసుకు ఫోన్ చేసి అడిగి బయల్దేరండి. ప్రతి మీటింగుకు రెండో తేదీ ముందే పెట్టుకోండి. పోయినవారి పేరు పలకకండి, స్లైడులో వాళ్ళ ఫొటో ఉంటే తీసేయండి. వార్ల్పిరి తెగవాళ్ళ దగ్గర అదే పేరున్న బతికున్నవారిని కూడా కుమన్జాయి అని పిలుస్తారు, హాజరు పట్టికలో అది కనిపిస్తే తప్పు రాశారనుకోవద్దు. అల్లుడు, అత్త ఎదురెదురుగా కూర్చోరు, మాట్లాడుకోరు. ఇద్దరూ సభ్యులైతే కుర్చీలు వాళ్ళనే సర్దుకోనివ్వండి, ఒకరు గుమ్మం బయట నుంచి విన్నా హాజరు రాసుకోండి.

అబొరిజినల్ ఇంటర్‌ప్రెటర్ సర్వీస్ నుంచి దుబాసీని ముందే బుక్ చేయండి. "ఈ షెడ్డు సరేనా?" అని అడిగితే మర్యాదకు సరే అంటారు. ఆ సరేని తీర్మానంగా రాసుకుంటే ఆరు నెలల తర్వాత ఎవరికీ అక్కర్లేని షెడ్డు లేస్తుంది. "కోర్టుకు ఏ పక్కన? సాయంత్రం ఎవరు కూర్చుంటారు? లైటు ఎవరి ఇంటి మీద పడుతుంది?" అని అడగండి. పెద్ద కాగితం మీద ఊరి బొమ్మ, చేతికో స్కెచ్ పెన్ను, మిగిలిన డబ్బు ఎంతో చూపే ఒక గీత. ముప్పై పేజీల అజెండా కన్నా అవే పని చేస్తాయి.

ఎర్రమట్టి

చాలా ధన్యవాదాలండీ. గ్రాంటు ఒప్పందం తీశాను, గడువు దగ్గరపడింది. ముందు సోలార్ లైట్లు, ఒక ట్రైలరు, మైకు సెట్టు కొనేసి ఖర్చు చూపిద్దామని ఆఫీసులో ఒక మాట నడుస్తోంది. తవ్వకం తక్కువ కదా?

గుంతలవాడు

లైట్లకు తవ్వకం ఉంటుంది, స్తంభానికి పునాది కావాలి. దానికీ పవిత్ర స్థలాల సర్టిఫికెట్ తీసుకోండి. బ్యాటరీ స్తంభం పైన ఉండే రకం తీసుకోండి, కింద పెట్టెలో ఉన్నది వేడికి, చేతులకు రెండింటికీ దొరుకుతుంది. మార్చడానికి మనిషిని పైకెత్తే లిఫ్టు ఊళ్ళో ఉందో లేదో కూడా చూసుకోండి.

లెక్కలపుస్తకం

ట్రైలరు కొనండి, అది నిజంగా ఊరు అడిగి ఉంటేనే. అడగనిది కొంటే డబ్బు ఎటు పోయిందని రేపు అథారిటీయే నిలదీస్తుంది. దానికన్నా గడువు పొడిగించమని గ్రాంటు ఇచ్చిన శాఖకు ఇప్పుడే ఉత్తరం రాయండి. సర్టిఫికెట్ దరఖాస్తు నంబరు, కౌన్సిల్ తీర్మానం తేదీ, పని మొదలయ్యే నెల, ఈ మూడూ అందులో ఉండాలి. అక్కడ ఆర్థిక సంవత్సరం ముగిసే జూన్ 30 దాటాక రాసే ఉత్తరం సంజాయిషీ అవుతుంది, ముందు రాస్తే విన్నపం.

నీడపట్టు

ఆ ఉత్తరం నకలు తర్వాతి మీటింగులో అథారిటీ ముందు కూడా పెట్టండి. షెడ్డు ఎందుకు లేవలేదో రెండేళ్ళుగా వాళ్ళకు ఎవరూ చెప్పి ఉండరు.